జీపు మీది, ఇంజిన్ ఎవరిదైతేనేం!

పాత జీపు ఉన్నవాడికి రెండు దారులు. ఉన్న ఇంజిన్‌కే బోరింగ్ చేయించి, పిస్టన్లూ రింగులూ మార్పించి నెల తిరక్కుండా నడుపుకోవడం ఒకటి. అందులో సుఖం ఏముంది? బండి తిరిగితే మామగారిని బస్టాండు నుంచి తీసుకురావాలి, ఎరువు బస్తాలు మోయాలి, పక్కింటి పెళ్ళికి కుర్చీలు దింపాలి. రెండోది, పరాయి కంపెనీ ఇంజిన్ ఎక్కించడం. ఇది మొదలుపెట్టిన రోజు నుంచి మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎవర్నీ ఎక్కించుకోనక్కర్లేదు. 'బండి పనిలో ఉంది' అంటే చాలు, అడిగినవాడే జాలిపడి వెళ్ళిపోతాడు. బీదర్ పక్కన కొల్హార్ పారిశ్రామిక వాడలో ఏదో ఒక షెడ్డు చూసుకోండి. కింద చెప్పినట్టు చేయండి.

1. ముందు ఇంజిన్ కొనండి, తర్వాత జీపు కొలవండి.

టేపు పట్టుకుని తిరిగేవాడు జన్మలో ఇంజిన్ మార్చలేడు. హైదరాబాద్ వెళ్ళండి, తుక్కు దుకాణంలో నేల మీద పెట్టి బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి చూపిస్తారు. పొగ వస్తే బలమున్న ఇంజిన్ అనుకోండి. బిల్లు అడగొద్దు, అడిగితే రేటు పెరుగుతుంది. ఏ బండి నుంచి దించారని అసలే అడగొద్దు. ఇంజిన్ నంబరు మీద గ్రైండర్ తిరిగిన గుర్తు కనిపిస్తే సంతోషించండి, శుభ్రం చేసి మరీ ఇస్తున్నాడు.

ఇంజిన్ కింద ఆయిల్ ఛాంబర్ ముందుకు ఉందా, వెనక్కి ఉందా అన్నది మేధావుల చర్చ. జీపులో ముందు ఇరుసు హౌసింగ్ సరిగ్గా ఇంజిన్ కిందికే వస్తుంది కాబట్టి ఛాంబర్ ముందుకు ఉంటే గుంతలో పడ్డప్పుడల్లా రెండూ తగిలి టంగుమంటాయి. పరిష్కారం తేలిక. ఇంజిన్‌ని నాలుగంగుళాలు పైకెత్తి బిగించండి. అప్పుడు బానెట్ మూతపడదు. బానెట్‌కి కంత కోసి పైన రేకు డబ్బా అతికించండి. చూసినవాళ్ళు టర్బో అనుకుంటారు. అననివ్వండి.

2. ఇంట్లో అడ్డుపడితే చరిత్ర చెప్పండి.

మహీంద్రా వాళ్ళు మొదట బిగించినవి విల్లీస్ జీపులు. సీజే 3బీలో ఉన్నది 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజిన్. 1973లో చమురు ధర మండిపోయాక జీపు ఉన్న ప్రతివాడి చూపూ డీజిల్ మీద పడింది. కంపెనీయే తన ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరు ఇంజిన్‌ని జీపులో కూర్చోబెట్టింది. తర్వాత ఫ్రాన్సు నుంచి ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్‌కి లైసెన్సు తెచ్చుకుని 2112 సీసీ ఇంజిన్‌ని ఎంఎం 540లో పెట్టింది. ఆపైన పని ఊరూరి ఉస్తాదులు అందుకున్నారు. అంబాసిడర్ డీజిల్, మటాడోర్, కాంటెస్సాలోని ఇసుజు, చేతికందినదల్లా జీపులోకి దిగింది. జిప్సీలకైతే జెన్ డీజిల్‌లోని ప్యూజో.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, 'కంపెనీకి లేని తప్పు మనకెక్కడిది నాన్నా?' అని అడగండి. కంపెనీ చేసినప్పుడు డ్రాయింగులు గీశారు, చాసీ బలం లెక్కకట్టారు, పరీక్షలు చేశారు, సర్కారు ఆమోదం తీసుకున్నారు అనే భాగం దగ్గరికి రాగానే ఫోను వచ్చినట్టు లేచి బయటికి వెళ్ళిపోండి.

3. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ పెళ్ళి చేసేటప్పుడు జాతకాలు చూడొద్దు.

పనంతటికీ గుండె ఇదే, అందుకే దీన్ని సాయంత్రం లైటు పోయాక మొదలుపెట్టండి. కొత్త ఇంజిన్ వెనక బోల్టులు ఒక రకం, జీపు గేర్‌బాక్సు బెల్ హౌసింగ్ బోల్టులు ఇంకో రకం. మధ్యలో ఒక మందపాటి ఇనప పలక పెట్టి కలపాలి. తెలిసిన టర్నర్ అయితే డయల్ గేజ్ పెట్టి, క్రాంకు నడిమధ్యా గేర్‌బాక్సు షాఫ్టు నడిమధ్యా ఒకే గీత మీద ఉన్నాయో లేదో మిల్లీమీటరులో పదో వంతు దాకా చూస్తాడు. అలాంటివాణ్ణి పనికి పిలవకండి. సుతిలి దారం పట్టుకుని ఒక కన్ను మూసి చూసేవాడే మీకు కావలసినవాడు.

కన్నాలు కలవకపోతే గ్యాస్ కట్టర్‌తో వెడల్పు చేయండి. కన్నం పెద్దదైతే ఏ బోల్టయినా పడుతుంది. క్రాంకు చివర ఉండే పైలట్ బేరింగు సైజు కుదరకపోతే తీసి అవతల పారేయండి, పైకి ఎలాగూ కనబడదు. క్లచ్ ప్లేటు పళ్ళు గేర్‌బాక్సు షాఫ్టుకి సరిపోవాలి, ప్లేటు వ్యాసం ఫ్లైవీలుకి సరిపోవాలి. రెండిట్లో ఒకటి సరిపోయినా యాభై శాతం పాసైనట్టే.

ఇక ఫలితాలు. క్లచ్ వదలగానే బండంతా వణుకుతుంది. రెండో గేరు దానంతటదే జారి న్యూట్రల్లోకి వస్తుంది. కొన్నాళ్ళకి గేర్‌బాక్సు ముందు బేరింగు ఏడుపు మొదలవుతుంది. వీటన్నిటికీ ఒకటే జవాబు నేర్చుకోండి: 'కొత్తగా ఎక్కించాం కదా, సెట్ కావాలి.' ఈ మాట కనీసం రెండేళ్ళు పనిచేస్తుంది.

4. ఫౌండేషన్లు వెల్డింగుతో ముగించండి.

రబ్బర్లు ఖర్చు. ఇనప యాంగిల్ ముక్కని చాసీకి అతికించి ఇంజిన్‌ని నేరుగా దాని మీద కూర్చోబెట్టండి. డీజిల్ ఇంజిన్ బరువుకి ముందు కమాన్ కట్టలు వంగిపోతే, బండి వినయంగా ఉందని చెప్పండి. ఇంజిన్ జరిగినంత మేర ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారాలి, కోణం చూసుకోవాలి. మీరు చూసుకోకపోయినా క్రాసులు చూసుకుంటాయి, విరిగేటప్పుడు.

5. వేగం లెక్క బండి రోడ్డెక్కాకే వేయండి.

సీజే 3బీ హౌసింగ్ రేషియో 5.38. అంటే టాప్ గేరులో ఇంజిన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 6.00-16 టైరు ఒక చుట్టుకి సుమారు 2.27 మీటర్లు పోతుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగే పెట్రోలు ఇంజిన్‌తో గంటకి 100 కిలోమీటర్లు. 2000 దగ్గర ఊపిరి బిగబట్టే ట్రాక్టరు జాతి ఇంజిన్‌తో 50. అయిదో తరగతి గుణకారమే, అయినా ఇంజిన్ కొనేముందు దీన్ని ఎవరూ చేయరు. మీరూ చేయొద్దు. బీదర్ నుంచి హైదరాబాద్ 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది, దారంతా ఇంజిన్ గొంతు చించుకుంటుండగా మూడు గంటలు. ఆర్టీసీ బస్సు దాటి వెళ్తుంటే కిటికీలోంచి పిల్లలు చేయి ఊపుతారు. మీరూ ఊపండి. ఎవరైనా అడిగితే మైలేజీ కోసం నెమ్మదిగా వెళ్తున్నానని చెప్పండి.

6. పాత రేడియేటరే ఉంచండి. దాని ముందు గాలికి అడ్డంగా మంచి ఫాగ్ లైట్లు బిగించండి. వేడి ముల్లు ఎర్రగీతలోకి వెళ్తే మీటరు వైరు పీకేయండి, ముల్లు వెంటనే దిగుతుంది.

7. పెట్రోలు ట్యాంకునే డీజిల్‌కి వాడండి, కడగకుండా.

పెట్రోలు ట్యాంకుకి ఇంజిన్ వైపు వెళ్ళే పైపు ఒక్కటే. డీజిల్ ఇంజిన్ కాల్చగా మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపుతుంది, దానికి ఇంకో పైపు ట్యాంకు దాకా వేయాలి. ఎందుకంత శ్రమ? రిటర్న్ పైపుకి 'టీ' పెట్టి, వచ్చే పైపులోనే కలిపేయండి. గాలి బుడగలు బయటికి పోయే దారి లేక అక్కడక్కడే తిరుగుతూ, బండి మీకు పని పడిన ప్రతిచోటా ఆగుతుంది. ఆగినప్పుడు బానెట్ ఎత్తి 'ఎయిర్ పట్టింది' అనండి. ఇందులో అబద్ధం కూడా లేదు.

పాతకాలపు పంపు ఉన్న డీజిల్ ఇంజిన్ నడవడానికి కరెంటు అక్కర్లేదు. తాళం తీసి జేబులో వేసుకున్నా అది డుగుడుగుమంటూనే ఉంటుంది. ఆపడానికి స్టాప్ కేబుల్ కావాలి. అది వేయించకండి. టాప్ గేరులో పెట్టి, బ్రేకు తొక్కి, క్లచ్ వదిలి గొంతు నొక్కండి. గేర్‌బాక్సులో మిగిలిన పళ్ళ సంఖ్య ఈ పద్ధతిలో త్వరగా తెలుస్తుంది.

8. బ్రేకుల్ని ఇంజిన్‌తో ముడిపెట్టకండి.

జిప్సీలో డీజిల్ పెట్టేవారికి ఇది ముఖ్యం. బ్రేకు బూస్టర్ పనిచేసేది పెట్రోలు ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వాక్యూమ్ మీద. డీజిల్‌లో అది దొరకదు, అందుకే డీజిల్ బండ్లకి ఆల్టర్నేటర్ వెనకో మరోచోటో వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. ఇంజిన్ కొన్నప్పుడు ఆ పంపుని దుకాణంలోనే వదిలేయండి, బరువు తగ్గుతుంది. పెడల్ బీదర్ కోట రాయిలా గట్టిపడుతుంది. గుట్ట దిగేటప్పుడు రెండు కాళ్ళతో తొక్కండి. పక్క సీట్లో వాళ్ళు దండం పెట్టుకుంటే భక్తి అనుకోండి.

9. కొత్తరకం ఇంజిన్ తెస్తే వైర్లన్నీ కత్తిరించి తీసుకురండి.

స్విఫ్ట్‌కి 2007లో వచ్చిన 1248 సీసీ డీజిల్ అసలు ఫియట్ వాళ్ళది. టాటా కార్లలోనూ అదే కొట్టుకుంది కాబట్టి తుక్కులో కరువు లేదు. కానీ దానికి కంప్యూటర్, సెన్సర్లు, యాక్సిలరేటర్ పెడల్, ఆ తాళం చెవిలోని చిప్పు అన్నీ ఒకే కుటుంబం నుంచి రావాలి. ఒక్కటి తక్కువైనా సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ పలకదు. మీకు కావలసింది అదే. వైర్లు ప్లయర్‌తో కోసి, అన్నీ ఒకే రంగు టేపుతో చుట్టండి. ఇక ఏ ఎలక్ట్రీషియన్ వచ్చినా మొదట అడిగేది 'ఇది ఎవరు చేశారు?' అనే. పాత ఉస్తాద్ పేరు చెప్పండి.

10. ఉస్తాదుల్ని మారుస్తూ ఉండండి.

ఒక్కడే మొదలుపెట్టి ఒక్కడే ముగిస్తే బండి నడిచే ప్రమాదం ఉంది. ప్రతి కొత్త ఉస్తాద్ ముందు పాతవాడి పని విప్పుతాడు, మూడు వారాలు గడుస్తాయి. బోల్టులు పాతవాడి డబ్బాలో ఉండిపోతాయి, ఇంకో నెల. బీదర్‌లో కన్నడం, దక్కనీ, మరాఠీ, తెలుగు నాలుగూ నడుస్తాయి, కాబట్టి నాలుగు భాషల్లో నాలుగు రకాల డెడ్‌లైన్లు తీసుకోండి, తర్వాత అర్థం కాలేదనండి. ఈ మధ్యలో స్టిక్కర్లు అతికించండి, పెద్ద టైర్లు కొనండి. ఆలు లేదు చూలు లేదు అని ఎవడో అంటాడు. వాడికి జీపు లేదు.

11. కాగితాలు బండి కన్నా పాతబడనివ్వండి.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఒకటుంది. తయారీదారు చెప్పిన వివరాలకీ ఆర్‌సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చరాదు. ఆమోదించిన కిట్టుతో గ్యాసుకో బ్యాటరీకో మారడం వేరే సంగతి. కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న 'మార్చరాదు' అన్నదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్నారు చూడండి. ఇంజిన్, బానెట్ డబ్బా, పెద్ద టైర్లు అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి.

ఆర్టీవో ఆఫీసు వైపే వెళ్ళకండి. బండికి పదిహేనేళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో కార్లకి ఈ ఫీజు 600 నుంచి 5000కి పెరిగింది. చేయించకపోతే ఆ డబ్బంతా మిగిలినట్టే. ఆర్‌సీ జిరాక్సుని ప్యాంటు వెనక జేబులో ఓ వానాకాలం ఉంచండి, 'పెట్రోలు' అన్న మాట దానంతటదే మాసిపోతుంది. బీదర్‌లో ఆపితే తెలంగాణ బండి అనండి, జహీరాబాద్‌లో ఆపితే కర్ణాటక బండి అనండి. నంబరు ప్లేటు మీద కేఏ-38 అని ఉంటే ప్లేటుకి బురద పూయండి.

12. ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పకండి. ప్రమాదం జరిగినప్పుడు సర్వేయరే బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు చూస్తాడు, ఆర్‌సీలోని నంబరు చూస్తాడు, క్లెయిమ్ కుదరదంటాడు. ఫారాలు నింపే పని తప్పింది.

13. ఎప్పుడైనా విసుగొస్తే అమ్మేయండి.

'చిన్న పని ఉంది, రన్నింగ్ కండిషన్' అని చెప్పండి. కొనేవాడు వచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉండాలి, చల్లగా ఉంటే స్టార్ట్ కాదు. డబ్బు తీసుకుని, తాళం చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద సంతకం చేయించుకుంటే సరిపోతుంది. ఆర్‌సీలో పేరు మార్పించడానికి బీదర్ ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగొద్దు, ఇంజిన్ నంబరు తేడా అక్కడే బయటపడుతుంది. కొన్నవాడు ఆ బ్రేకులతో ఏ సంతలోకి దూసుకెళ్ళినా మీకేం సంబంధం? సంబంధం ఉందని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలోనే చెప్పింది: ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, పరిహారం కట్టాల్సిందీ వాళ్ళే.