నేను సెకండ్ మాల్‌ని

టవలుకు బట్టతలేమిటని నవ్వకండి. నాకు పుట్టుకతోనే ఉంది. ఎడమ అంచుకు జానెడు ఇవతల, వడ్లగింజంత వెడల్పున, మూరెడు పొడుగున కుచ్చులు లేని గీత. మా సోలాపూర్‌లో ఇలాంటి సరుకును సెకండ్ మాల్ అంటారు. ఫస్ట్ మాల్ కట్టలు కట్టించుకుని దర్జాగా పరదేశం పోతుంది. సెకండ్ మాల్ కార్ఖానా మూలన కుప్పగా పడుండి, కిలోల లెక్కన పోతుంది. నాకు ఆ యోగం కూడా పట్టలేదు. నన్ను నేసిన మనిషే నన్ను కొనుక్కున్నాడు.

అశోక్ చౌక్ వెనక సందులో పది సాంచాల కార్ఖానా అది. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అనే అంటారు. టవలు సాంచాకు పడుగు బీములు రెండు: ఒకటి బిగువు, రెండోది వదులు. రెండు పేకలు నేసిన గుడ్డదాకా రాకుండా కాస్త వెనకే ఆగుతాయి. మూడో పేక పడగానే పన్నె మూడింటినీ కలిపి ఒక్క గుద్దు గుద్దుతుంది. బిగువు పోగులు కదలవు. వదులు పోగులు పోయే దారి లేక పైకి లేచి కుచ్చులవుతాయి. మీ ఒంటి మీది తడి తాగేది ఆ కుచ్చులే. ఈ విద్య టర్కీ నుంచి ఇంగ్లండుకు పోయి, 1851లో లండన్ మహా ప్రదర్శనకెక్కింది. ముసలివాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని టర్కీ టవళ్ళంటారు. పేరు టర్కీ, ఊరు సోలాపూర్, నేసేది తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీల మనుమలు, మునిమనుమలు. ఒక్క టవలు ఎన్ని ఊళ్ళ పేర్లు మోయాలో చూడండి.

నన్ను నేసినాయన్ను నేనూ తాత అనే పిలుస్తాను, ఇంట్లో పిల్ల పిలిచినట్టు. ఆయన తాత కరువు రోజుల్లో పాలమూరు వైపు నుంచి గుంట మగ్గపు విద్య ఒక్కటే వెంటేసుకుని వచ్చాడట. రైలు 1860 నాటికే ఇక్కడికొచ్చింది. 1877లో మొదటి మిల్లు పెట్టారు. పని ఉన్న చోటికి నేసే చెయ్యి వచ్చింది, అంతే. సాఖర్ పేట, భద్రావతి పేట, దత్త నగర్ సందుల్లో ఇప్పటికీ పొద్దున లేస్తే సాంచాల చప్పుడు మీద తెలుగులో తిట్టుకుంటారు, మరాఠీలో బేరమాడుకుంటారు.

ఇక నా బట్టతల సంగతి. రాత్రి పాళీ. తాత చేతికింద రెండు సాంచాలు. పక్క సాంచాలో కండె అయిపోతే నాడె మార్చడానికి వెళ్ళాడు. అంతలో నా వదులు పడుగులో నాలుగు పోగులు తెగాయి. ఆయన వచ్చి చూసేసరికి మూరెడు నడిచిపోయింది. తెగిన పోగులు ముడేసి మిగతాది నేశాడు. శనివారం హప్తాలో సేటు ఆ నష్టం కోసి ఇచ్చాడు. తాత పల్లెత్తు మాట అనలేదు. నన్ను దులిపి భుజాన వేసుకున్నాడు. "నా తప్పు నా బుజం మీదనే ఉండనీ" అన్నాడు. పన్నెండేళ్ళయింది. ఇంకా అక్కడే ఉన్నాను.

అవ్వకూ ఈ కోత కొత్త కాదు. ఆవిడ బీడీలు చేసింది ముప్ఫై ఏళ్ళు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, వెయ్యి బీడీలైతే ఒక రోజు మజూరీ. కంపెనీలో లెక్క అప్పజెప్పేటప్పుడు ఏ కట్టలోనో వేలు పెట్టి, ఇది వదులు, ఇది వంకర అని తీసి పక్కన పడేస్తారు. దాన్ని ఛాట్ అంటారు. ఛాట్ బీడీలకు మజూరీ లేదు, బీడీలూ తిరిగి రావు. "నీ సెకండ్ మాల్ నీ బుజానికన్న వచ్చింది. నా ఛాట్ ఎవడో తాగి ఊదిండు" అంటుంది తాతతో.

వీళ్ళ మనుమరాలికి ముంబైలో ఉద్యోగం. నూలు పున్నమికి ఇంటికి రావాల్సి ఉంది. సోలాపూర్‌లో ఆ రోజు మార్కండేయుడి రథం కదులుతుంది, ఎక్కడెక్కడి పద్మశాలీలో ఊరికి చేరతారు. "ఈసారి మీరే ముందు రాండ్రి, నా గది చూడుండ్రి, అందరం కలిసే పోదాం" అంది పిల్ల. తాత, అవ్వ, కొడుకు, కోడలు, అవ్వ సంచిలో కడక్ రొట్టెలు, స్టీలు డబ్బాలో శేంగ చట్నీ, డబ్బా చుట్టూ నేను. నూనె కారకుండా నన్ను చుట్టారు. కారింది.

ముంబై చేరిన రెండోరోజు రాత్రి పిల్ల అందర్నీ భోజనానికి తీసుకెళ్ళింది. "కొత్తగ తెరిచిండ్రు తాతా. పెరూ హోటలు."

"పేరు లేని హోటలా?" అన్నాడు తాత.

"పేరు కాదు, పెరూ. దేశం."

లోయర్ పరేల్‌లో దిగాం. గేటు దాటగానే తాత ఆగిపోయాడు. తల పైకెత్తాడు. రంపపు పళ్ళలాంటి కప్పు. ఎండ నేరుగా పడకుండా, ఉత్తరపు వెలుగు రోజంతా ఒక్క తీరుగా పోగుల మీద పడేందుకు మిల్లువాళ్ళు కట్టించే కప్పు అది. ఇప్పుడు దాని కింద రంగు దీపాలు, కుండీల్లో మొక్కలు. తాతవాళ్ళ అన్న ఈ పరేల్ మిల్లుల్లోనే నేతఖాతాలో పని చేశాడు. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు. చాలామంది మళ్ళీ లోపలికి పోనే లేదు. ఆయన ట్రంకుపెట్టెతో సోలాపూర్ రైలెక్కాడు. తాత ఆ మాటేమీ ఎత్తలేదు. నేల మీద బూటుకాలితో అటూ ఇటూ తడిమాడు, సాంచాలు బిగించిన బోల్టుల గుర్తులు దొరుకుతాయేమోనని. నున్నటి టైల్సు.

కూర్చోగానే పళ్ళెంలో చుట్టలు చుట్టిన తడి చేతిగుడ్డలు తెచ్చారు. అందరూ చేతులు తుడుచుకున్నారు. తాత మాత్రం విప్పి, దీపం వైపు పట్టి, అంచు గోటితో గీకాడు. నా గుండె దడదడలాడింది. నా పక్కన ఇంకో టవలు! ఫస్ట్ మాల్!

"మనది కాదు. నాడె తిరిగొచ్చిన అంచైతే మూసుకపోయి ఉంటది. ఇది రేపియర్ సాంచా. పేక తెంపి, అంచు మడిచి కుట్టిండ్రు" అన్నాడు. మచ్చేదో కనిపించిందనుకుని వెయిటర్ కుర్రాడు పరుగున ఇంకొకటి తెచ్చాడు. దాన్నీ విప్పి చూశాడు తాత. ఎక్కడా బట్టతల లేదు. మడిచి ఇచ్చేశాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

పిల్ల మెనూ చదివి వినిపిస్తోంది. సెవిచే అంటే పచ్చి చేప ముక్కలు నిమ్మరసంలో, మిరపతో, ఉల్లిపాయతో.

"పొయ్యి మీద పెట్టరా?"

"పెట్టరు అవ్వా. నిమ్మ పులుపుకే ముక్క తెల్లబడతది. ఆ రసాన్ని వాళ్ళు పులిపాలు అంటరు."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం నవ్వలేదు. మా కుల మూలపురుషుడు భావనారుషి పేరు తలిస్తే పులి సాలెవాళ్ళ జోలికి రాదని నమ్మకం. ఆయనకు పులే వాహనం. "జోలికి రాదంటే సరే. పాలు పిండుకోమని చెప్పలే గద ఎవరూ" అంది. అన్నాక చెంచాతో కొద్దిగా నోట్లో వేసుకుంది. కళ్ళు మూసింది. "పుల్లగ బాగనే ఉంది. పెద్దులి పాలు కావు, పులి పిల్లయి."

తర్వాత ఉడకబెట్టిన బంగాళాదుంప మీద పచ్చటి చిక్కటి రసం పోసింది వచ్చింది. ఒకోపా అట. అరెకిపా అనే ఊరి వంట. జున్ను, మిరప, ఆ దేశపు ఏదో ఆకు వేసి నూరింది. అవ్వ ఒక ముద్ద తిని నమలడం ఆపింది. నాలుకతో వెతికింది. "శేంగలు" అంది.

నిజమే, పల్లీలు వేస్తారు. పిల్ల ఫోన్ తెరిచింది, అప్పుడు మొదలైంది అసలు కచేరీ. పల్లీ పుట్టిల్లు దక్షిణ అమెరికా. పెరూలో తవ్వితే వేల ఏళ్ళ నాటి పల్లీ తొక్కలు దొరికాయి. బంగాళాదుంప ఆ కొండలదే. ఆండీస్‌లో నాలుగు వేలకు పైగా రకాలున్నాయట, వాటి మీద పరిశోధనకు 1971లో లీమా నగరంలో ఒక సంస్థే పెట్టారు. మిరపకాయ కూడా అమెరికాదే, పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరికొచ్చింది. టమాటా తల్లివేరూ అక్కడే.

అవ్వ ముఖం మాడిపోయింది. సోలాపూర్ శేంగ చట్నీ అంటే ఆవిడకు వంటకం కాదు, కులదైవం తర్వాతది. పల్లీలు, ఎండుకారం, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు వేసి, నూనె ఊరేదాకా రోట్లో దంచుతుంది. మిక్సీలో వేస్తే పొడవుతుంది గాని చట్నీ కాదంటుంది. ఆ మాటతో నేను నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. ఆ చట్నీలో పల్లీ వాళ్ళదీ, కారం వాళ్ళదీ అయితే ఇక మిగిలిందేమిటి?

"మరి మనమేం ఇచ్చినం వాళ్ళకు?"

పిల్ల వెతికింది. "ఈ నిమ్మకాయ అవ్వా. మన వైపుది. స్పెయిన్‌వాళ్ళు తీస్కపోయిండ్రు."

"గట్ల చెప్పు! నిమ్మకాయ లేకుంటే వాళ్ళ పులి పాలెక్కడియ్యి?"

"తంబాకు కూడా ఆ కొండల దిక్కుదే."

అవ్వ చెంచా కింద పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా చాటలో పోసుకుని కూర్చున్న తంబాకు, గోళ్ళ సందుల్లోంచి పోని వాసన, రాత్రిళ్ళ దగ్గు. "గదా! అయితే ఛాట్ పైసలు వాళ్ళనే అడగాలె" అంది.

ఆ ఊపులోనే ఆవిడ నన్ను తాత భుజం మీంచి లాగి ఒళ్ళో పరుచుకుంది. బయటి తిండి లోపల తినరాదని గోడ మీద రాసి ఉంది. సంచిలోంచి స్టీలు డబ్బా నా కిందికి వచ్చింది. మూత చప్పుడు కాకుండా నా కుచ్చులతో అదిమింది. చిటికెలు చిటికెలుగా చట్నీ ఒకోపా మీద పడింది. కొడుకు "అమ్మా!" అన్నాడు పళ్ళ సందున. "ఊకో. పుట్టింటికి పోయి చూసొస్తది పాపం శేంగ" అంది. వెయిటర్ కుర్రాడు వచ్చేసరికి డబ్బా నా మడతలో ఉంది. నేరంలో నాకూ పాలుంది, దాచను. ఎర్ర నూనె మరక సాక్ష్యం.

తాత ఈ గొడవలో లేడు. ఎదుటి గోడ మీద పెద్ద ఫొటో ఉంది. కొండ వాలులో మోకాళ్ళ మీద కూర్చున్న ఆడమనిషి. పడుగు ఒక కొస గుంజకు కట్టి ఉంది, రెండో కొస ఆమె నడుముకు. నడుము వెనక్కి వాలిస్తే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. తాత కూర్చున్న చోటే కాస్త ముందుకు వంగాడు. వెనక్కి వాలాడు. మళ్ళీ వంగాడు. ఆయన నాయన గుంట మగ్గంలో కాళ్ళు గుంటలో పెట్టి నేసేవాడు. ఈమెకు గుంట లేదు, బీము లేదు, సాంచా లేదు, సేటు లేడు. ఒళ్ళే మగ్గం. "పోగు తెగితే కడుపుల తెలుస్తది ఈమెకు" అన్నాడు మెల్లగా. ఎవరూ వినలేదు. నేను విన్నాను.

బిల్లు పిల్లే కట్టింది. ఎంతయిందని తాత అడగలేదు. అవ్వ అడిగింది, విన్నాక దారంతా ఎన్ని వేల బీడీలో లెక్క కట్టింది.

మర్నాడు సాయంత్రం సోలాపూర్‌కు వందే భారత్ రైలెక్కాం. పుణె దాటాక చీకటి పడింది. నేను తాత భుజం మీద, మరకతో, వెల్లుల్లి వాసనతో. పిల్ల రాత్రి నుంచీ పెరూ పత్తి గురించే చదువుతోంది. పొడుగు పింజ పత్తిని మొదట సాగు చేసింది ఆ వైపువాళ్ళేనట. "తాతా, ఇది చూడు" అని ఫోన్ ఇచ్చింది. పెరూ ఉత్తర తీరంలో హువాకా ప్రియెటా అనే దిబ్బ. అక్కడ తవ్వితే నూలు గుడ్డ పీలికలు దొరికాయి. వాటి మీది రంగు నీలిమందేనని 2016లో తేల్చారు. ఆరువేల ఏళ్ళ నాటివి. మగ్గం మీద నేసినవి కూడా కావు, చేత్తో అల్లినవి.

తాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేయడం పిల్ల నేర్పింది. మట్టి రంగు పీలిక, మధ్యలో నీలి జీర. అంగుళం అంగుళం జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ పోగు పోయింది."

"పాతది గద తాతా. చినిగి ఉంటది."

"చినిగిందా, తెగిందా?" మళ్ళీ పెద్దది చేశాడు. ఎడమచేతి బొటనవేలు తనకు తెలీకుండానే నా బట్టతల గీత మీద అటూ ఇటూ నడుస్తోంది. చాలాసేపు చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ అడిగాడు.

"ఈ గుడ్డ అల్లినామెకు గూడ హప్తాల కోసిండ్రా బిడ్డా?"

పిల్ల ఫోన్ వైపు చూసింది, తాత వైపు చూసింది. అవ్వ నన్ను తాత భుజం మీంచి లాగి, నాలుగు మడతలు వేసి తల కింద పెట్టుకుని, కుర్డువాడి వస్తే లేపమని కళ్ళు మూసుకుంది.