లఘుశకట సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఇది బొమ్మ కాదండీ. స్కేల్ మోడల్. ముట్టుకోకండి.

అవతారిక: ఈ సూత్రం అపౌరుషేయం. మొదట ఎవరి నోట వెలువడిందో చెప్పగలవారు లేరు. హైదరాబాదులో విన్నా బెంగుళూరులో విన్నా పొల్లు పోకుండా ఇదే వినిపిస్తుంది. ప్రస్తుత వ్యాఖ్యాతకు రేపల్లె దగ్గరి చెరుకుపల్లిలో వినే భాగ్యం కలిగింది. హాల్లో అద్దాల బీరువా, బీరువాలో బుల్లి దీపాలు, దీపాల కింద జపాను కిట్లతో కట్టిన కార్లు, ఇటలీ కిట్లతో కట్టిన స్వీడన్ ట్రక్కులు. పేరంటానికి వచ్చిన ఏ తల్లి వెంటో ఉన్న పిల్లవాడు ఆ అద్దం మీద చెయ్యి వేస్తాడు. వేసీ వెయ్యకముందే సూత్రం అవతరిస్తుంది. దీనికి ఋషి గృహయజమాని (ఇకపై సూత్రకర్త), ఛందస్సు గద్దింపు, దేవత ప్లాస్టిక్కు, పిల్లల్ని తరమడంలో వినియోగం.

ప్రతిపదార్థం: ‘ఇది’, ‘కాదు’ తెలుగు వచ్చినవారందరికీ తెలుసు గనక వదిలేశాను. ‘అండీ’ దగ్గర మాత్రం కొత్తవారు పొరబడతారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి మీద అంత మర్యాదేమిటి అనుకోకూడదు. అది పిల్లవాడికి కాదు, వాడి వెనక నిలబడ్డ వాళ్ళమ్మకు.

మెదకు సీమలోని కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఇవ్వగలడు మరి, ఆయనకు దొరికిన మూలం కాళిదాసుది. నాకు దొరికింది ఇది. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది నావల్ల కాదు.

‘స్కేల్’: ఇక్కడ కాస్త కూర్చోవాలి. బీరువాలో ఎక్కువ బళ్ళు 1:24. అసలు బండిని 24 వంతులు చేసి అందులో ఒక వంతు పొడవున కట్టడం. ఇంగ్లీషు లెక్కలో అడుగుకు అర ఇంచీ. 24 అడుగుల లారీ బల్ల మీద సరిగ్గా అడుగు పొడవు ఉంటుంది. ఇప్పుడు మానసారం, మయమతం వంటి శిల్పగ్రంథాలు తిప్పి చూడండి. వాటిలో 24 అంగుళులు ఒక హస్తం, అంటే మన మూర. కాబట్టి అసలు లారీలో మూర ఉన్నచోట నమూనాలో అంగుళి ఉంటుంది. దీనికి హస్తాంగుళ న్యాయం అని పేరు పెడుతున్నాను.

‘అన్నీ మన శాస్త్రాల్లోనే ఉన్నాయి’ అనే పక్షంవారు ఈపాటికి కుర్చీల్లోంచి లేచి ఉంటారు. కూర్చోండి. పై అరలో 1:43 కార్లున్నాయి. అవి ఏ హస్తం, ఏ అంగుళి? బ్రిటిషువాళ్ళ ఓ గేజీ రైళ్ళకు అడుగుకు 7 మిల్లీమీటర్లు కొలత. ఆ రైలు పక్కన, స్టేషను ముందు నిలబెట్టడానికి చేసిన కార్ల కొలత అది. దాన్ని సగానికి కోస్తే 1:87 వచ్చింది, అదీ రైలు కోసమే. ఏ రైలు? బొమ్మ రైలు. సూత్రకర్త అత్యంత గౌరవంగా పై అరలో దాచుకున్న కొలత బొమ్మ రైలు చక్రాల కింద పుట్టింది. ఈ విషయం ఆయనకు తెలియదని కాదు.

అంగుళి కిందికి దిగితే ఇంకా రుచిగా ఉంటుంది. 8 యవలు ఒక అంగుళి. 8 యూకలు ఒక యవ, యూక అంటే పేను. 8 లిక్షలు ఒక యూక, లిక్ష అంటే ఈపి. తల దువ్వుతూ కొలతలు కనిపెట్టిన జాతి మనది. 8 వాలాగ్రాలు ఒక లిక్ష, వెంట్రుక కొన అన్నమాట. 8 రథరేణువులు ఒక వాలాగ్రం. 8 పరమాణువులు ఒక రథరేణువు. లెక్క కడితే ఒక అంగుళిలో 32,768 రథరేణువులు. అంగుళిని సుమారు ముప్పాతిక ఇంచీగా తీసుకుంటే, ఒక రథరేణువు మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేసినప్పుడు అందులో ఒక ముక్కకు సగం పైచిలుకు.

రథరేణువు అంటే రథం పోతున్నప్పుడు లేచే దుమ్ము. కొలమానానికి పేరు కావలసి వచ్చినప్పుడు శిల్పశాస్త్రకారుడికి బండి గుర్తొచ్చింది! ఆ మహానుభావుడు కచ్చితంగా ఎక్కడో బండికి రంగు వేసి ఉంటాడు. రంగు వేసినవాడికి తప్ప దుమ్ము అంత సన్నగా కనిపించదు. సాండ్‌పేపరు పట్టి, ప్రైమరు కొట్టి, మళ్ళీ సాండ్‌పేపరు పట్టి, ఎయిర్‌బ్రష్షుతో మంచు కురిపించినట్టు రంగు చల్లి, ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండగా ఒక నలుసు వచ్చి బానెట్టు మధ్యలో కూర్చుంటుంది. అది పదోవంతు మిల్లీమీటరే కావచ్చు. 1:24లో దాని అర్థం, అసలు కారు బానెట్టు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల గుండు. మందంగా కొట్టిన రంగుదీ ఇదే గతి. నమూనా మీద పదోవంతు మిల్లీమీటరు పూత, అసలు కారుకు గోడ సున్నంలా పట్టిన పెచ్చు.

మా వైపు ఈ నలుసులకు లోటు లేదు. కుప్పనూర్పుల రోజుల్లో ట్రాక్టర్లు, ఏడాది పొడుగునా చేపలూ రొయ్యలూ మోసే లారీలు. అసలు లారీ లేపిన దుమ్ము కిటికీలోంచి వచ్చి నమూనా లారీ మీద వాలుతుంది. కిటికీ మూస్తే తేమ. సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు. గాలిలో తేమ ఎక్కువైతే లాకరు రంగు ఆరేటప్పుడు తెల్లగా పాలిపోతుంది. ఈ రెంటి మధ్యా సూత్రకర్త పడే తపస్సు చూస్తే నాకూ జాలే. ఆ జాలి ఎంతసేపు? రంగు అద్దంలా వచ్చాక ఆయన ఇంకో సీసా తీస్తాడు. అందులో దుమ్ము ఉంటుంది. విదేశం నుంచి తెప్పించిన దుమ్ము! కుంచెతో చక్రాల దగ్గరా మడ్‌గార్డుల మీదా అద్ది, దీన్ని ‘వెదరింగ్’ అంటాడు. వీధిలో ఊరికే వచ్చే రథరేణువును తలుపు వేసి తరిమి, సీసాలో వచ్చేదాన్ని డబ్బిచ్చి కొనడం ఏ శాస్త్రసమ్మతమో ఆయనే చెప్పాలి.

శంక: (లఘుశంక అని రాయబోయి ఆగాను.) ‘బొమ్మ కాదు’ అనడంలో ఇంత గర్వం ఎందుకు? బొమ్మ బండికి మన సాహిత్యంలో గౌరవం లేదా?

సమాధానం: లేకపోవడమేమిటి! శూద్రకుడు పదంకాల నాటకం రాసి, దానికి నాయకుడి పేరు పెట్టలేదు, నాయిక పేరు పెట్టలేదు, ఒక మట్టి బండి పేరు పెట్టాడు. తిరుపతి వేంకటకవులు దాన్ని తెలుగు చేశారు కూడా. ఆరో అంకంలో నాయకుడు చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పక్కింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకుంటాడు. ఆ పిల్లవాడు దాన్ని లాగేసుకుంటాడు. దాసి రదనిక పాపం మట్టితో ఒక బండి చేసి ఇస్తుంది. వీడికది ఆనదు, ఏడుస్తాడు. నాయిక వసంతసేన కళ్ళనీళ్ళు పెట్టుకుని తన నగలన్నీ ఒలిచి ఆ మట్టి బండిలో పోస్తుంది, బంగారు బండి చేయించుకో నాయనా అని.

అదే అంకంలో నిలువెత్తు బళ్ళు కూడా ఉన్నాయి. వాటి నిర్వాకం చూడండి. చారుదత్తుడి బండివాడు పరుపు మరిచిపోయి వెనక్కి పోతాడు. ఈలోగా రాజుగారి బావమరిది బండి, దారిలో పల్లెటూరి బళ్ళు అడ్డుపడి అక్కడే ఆగుతుంది. అంటే ఉజ్జయినిలో ట్రాఫిక్ జాం! వసంతసేన తన బండే అనుకుని శత్రువు బండి ఎక్కేస్తుంది. చెరసాల తప్పించుకున్న ఆర్యకుడు చారుదత్తుడి బండి ఎక్కి రాజ్యం దాకా పోతాడు. పెద్ద బండి ఒక్కటీ ఎక్కించుకోవలసినవాళ్ళను ఎక్కించుకోలేదు. మట్టి బండి ఒక్కటే తన సరుకును భద్రంగా మోసింది. తర్వాత ఆ నగలు తొమ్మిదో అంకంలో న్యాయస్థానంలో విదూషకుడి చంకలోంచి జారిపడి చారుదత్తుడి మెడకు చుట్టుకోవడం వేరే కథ, దానికి బండి బాధ్యత లేదు.

నాటకం చివర్లో ప్రభుత్వం మారుతుంది, మరణశిక్ష తప్పుతుంది, సుఖాంతం. ఆర్యకుడి పట్టాభిషేకం ముఖ్యమా, మట్టి బండి ముఖ్యమా అని శూద్రకుణ్ణి అడిగితే నాటకం పేరు చూడమనేవాడు. దాని చక్రాలు తిరిగేవా లేదా అన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం. హరప్పా తవ్వకాల్లో దొరికిన నాలుగు వేల ఏళ్ళు దాటిన మట్టి బండి బొమ్మలను బట్టి చూస్తే తిరిగేవనే అనుకోవాలి. చక్రం తిరగని బండిని ఏ పిల్లవాడూ బండి అనడు. ఇదంతా ఎందుకు ఎత్తుకున్నాను? ఆ, సూత్రకర్త. ఆ నాటకంలో ఆయన పూర్వుడు ఉన్నాడు. రంగం మీదికి రాడు, ఒక్క మాటా మాట్లాడడు, బంగారు బండి లాక్కుపోయిన పక్కింటి పిల్లవాడు.

‘మోడల్’: కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికి ఎడ్లబండి చేస్తారు. సూత్రకర్త వాడే పుట్టీ పనీ అదే, ధరలో తేడా. ఆ ఎడ్లకూ బండికీ ఒకే స్కేలు ఉందా అని కొండపల్లిలో అడిగినవాణ్ణి నేను చూడలేదు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఈ విద్యను తలకిందులు చేశారు. ఇక్కడ ప్లాస్టిక్కుతో బండి భాగాలు పుట్టిస్తుంటే, వారు పాత ఇనుప నట్లూ బోల్టులూ వగైరా తుక్కుతో మనుషుల్ని నిలబెడతారు. 2021లో 14 అడుగుల ప్రధాని విగ్రహం అలాగే చేశారు. దాన్ని పెట్టడానికి బీరువా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ అద్దాల వెనక ఒక్క మన లారీ లేదు. దోషం సూత్రకర్తది కాదు, కిట్టు రాదు. వచ్చే వీలూ లేదు, ఎందుకంటే ఎంతోకాలం మన లారీ సగమే ఫ్యాక్టరీలో తయారైంది. ఛాసీ ఒక్కటే వచ్చేది. తలుపులూ కప్పూ లేని ఆ అస్థిపంజరం మీద డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని వందల మైళ్ళు తోలుకొచ్చేవాడు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వడ్రంగి, కమ్మరి, టింకరింగువాడు, పెయింటరు కలిసి మిగతా సగం కట్టేవారు. నుదుటి మీద దేవుడు, వెనక హారన్ ప్లీజ్, బంపరుకు నల్లతాడు, నిమ్మకాయ. ఒక లారీ లాగా ఇంకోటి ఉండదు. ఇటలీవాడు ఏ లారీకి అచ్చు పోస్తాడు? దీన్ని కట్టాలనుకున్నవాడు అంతా మొదటినుంచి తనే కోసుకోవాలి.

కోసుకున్నాడు ఒకడు. పదో తరగతి కుర్రాడు. లారీ కాదు, పల్లెవెలుగు బస్సు. సన్‌బోర్డు కోసి ఒళ్ళు, పారదర్శకపు షీటు కోసి కిటికీలు, పెన్ను రీఫిల్లుతో లోపల పట్టుకునే కడ్డీలు, సీసా మూతలతో చక్రాలు, నుదుట రేపల్లె బోర్డు. కండక్టరు సీటు దగ్గర టిక్కెట్ల పెట్టె కూడా పెట్టాడు. అది ఏ కొలతలో ఉందో నాకు తెలియదు, వాడికీ తెలియదు, కానీ నాకు ఎక్కబుద్ధేసింది. సూత్రకర్త ఏం చేశాడు? జేబులోంచి చిన్న స్కేలు తీశాడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య కొలిచాడు. ‘వీల్‌బేస్ తప్పు’ అన్నాడు. తర్వాత నంబరు ప్లేటు చూశాడు. ఏపీ 07 వేశావు, ఇది ఇప్పుడు బాపట్ల జిల్లా కదా అన్నాడు. అయ్యా, బాపట్ల జిల్లా వచ్చింది 2022లో. 2019లోనే కొత్త బళ్ళకు జిల్లాతో పనిలేకుండా ఏపీ 39 వచ్చింది. 07 వేసుకున్న పాత బస్సులు జిల్లా మారిందని రాత్రికి రాత్రి నంబరు మార్చుకోలేదు. కుర్రాడికి ఇది తెలుసు, ఎందుకంటే వాడు రోజూ ఆ బస్సే ఎక్కుతాడు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని ఊరుకున్నాడు. నేనెందుకు ఊరుకున్నానో ఈ టీక చదివితే తెలియడం లేదూ? ఊరుకోలేదు.

‘ముట్టుకోకండి’: సూత్రానికి ప్రాణం ఇదే, ముందున్న రెండూ ముహూర్తం పెట్టడానికి. లండనులో లెస్నీ కంపెనీ జాక్ ఓడెల్‌కు ఒక కూతురు. అగ్గిపెట్టెలో పట్టేంత వస్తువైతేనే బడికి తేవచ్చని బడివాళ్ళ నియమం. తండ్రి 1952లో అగ్గిపెట్టెలో పట్టేలా ఒక రోడ్డురోలరు చేసి ఇచ్చాడు. మరుసటి ఏడు మ్యాచ్‌బాక్స్ కార్లు పుట్టాయి. ఒక ఆడపిల్ల బడికి పట్టుకుపోవడానికి పుట్టిన బండి అది. అదే కార్లు ఇప్పుడు ఈ బీరువాలో మూడో అరలో, పిల్లలకు అందని ఎత్తున, బల్బు కింద ఉన్నాయి. అద్దాలు విరుగుతాయి, వైపర్లు ఊడతాయి, నెలల పని పోతుంది, నిజమే. నెలల పని ఉన్నవాటిని పైన పెట్టుకో, ఎవరు కాదన్నారు? కింద అరలో నాలుగు బళ్ళు తాళం లేకుండా ఉంచవయ్యా.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘ఇది బొమ్మ కాదండీ, ఇన్వెస్ట్‌మెంట్’ అని కనిపిస్తుంది. డబ్బా విప్పకుండా, కవరు చింపకుండా దాచి, ధర పెరిగాక అమ్ముకునేవారి శాఖలో ఈ పాఠం ప్రచారంలో ఉంది. ఇది ప్రక్షిప్తమని నా నిర్ణయం. సూత్రకర్తతో నాకెంత తగవున్నా ఆయన గోళ్ళ సందుల్లో ప్రైమరు ఉంది, కళ్ళ కింద రాత్రుళ్ళు మేలుకున్న గుర్తుంది. కట్టని బండికి, రంగు వెయ్యని బండికి టీక రాసే ఓపిక నాకు లేదు. ఆ శాఖవారు వేరే వ్యాఖ్యాతను, వీలైతే ఆడిటరును, చూసుకోవాలి.