మోతిగాని డోకు: శునకజీవాతువు అను టీకాతాత్పర్యము

మూలము

"మోతిగాడు పొద్దుగాల సంది ఊకె డోకుతుండు. ఏం పడ్తలేదు. ఏం తిన్నడో ఏమో, జర సూడుండ్రి."

అవతారిక

నారాయణఖేడ్‌లో మా ఇంట, ఆదివారం మటన్ తిన్న మర్నాడు, చాయ్ ఇంకా పొయ్యి మీదుండగా ఇల్లాలు సెలవిచ్చిన వాక్యమిది. శ్రోత నేను. విషయం కుక్క. ప్రయోజనం, నన్ను మంచం మీది నుంచి లేపడం. ఇంత చిన్న మాటకు వ్యాఖ్య ఎందుకంటే, ఈ నేలకు ఆ అలవాటుంది. కాళిదాసును ఎవరి వేలు పట్టుకుని దేశమంతా చదువుతుందో ఆ మల్లినాథసూరిది మా పాత మెదక్ జిల్లా కొల్చారమే. కాళిదాసు మూడు కావ్యాలకు ఆయన రాసిన టీక సంజీవని, నైషధానికి రాసింది జీవాతువు. రెండూ ప్రాణం నిలిపే మందుల పేర్లే. చెడ్డ వ్యాఖ్యల విషమెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోతే, దాన్ని లేపడానికే తాను పూనుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. మోతికీ తిన్నదానితో వచ్చిన ప్రమాదం కంటే చుట్టూ చేరిన వ్యాఖ్యాతలతో వచ్చిందే ఎక్కువ.

ప్రతిపదార్థము

మోతిగాడు = మోతి అను పేరు గల ఊరకుక్క, వయసు నాలుగేళ్లు. మోతి అంటే ముత్యం. వీడి రంగు బొగ్గు. కనుక రూఢ్యర్థమే గ్రాహ్యం, వ్యుత్పత్తి వెతకరాదు. అమరకోశంలో కుక్కకు సారమేయం, కౌలేయకం వంటి బరువైన పేర్లున్నాయి. పాణిని అయితే కుక్కనూ పడుచువాణ్ణీ ఇంద్రుణ్ణీ ఒకే సూత్రంలో కట్టేశాడు. మా ఇంట్లో ఆ ముగ్గురిలో ఇంద్రభోగం ఎవరిదో చెప్పనక్కరలేదు. 'గాడు' ఇక్కడ గారాబానికి వాడిన ప్రత్యయం. అదే ప్రత్యయం నా పేరుకు తగిలినప్పుడు అర్థం వేరు.

పొద్దుగాల సంది = తెల్లవారింది మొదలు. ఇది పాదపూరణమని దాటిపోరాదు. పొద్దున్నే ఒక్కసారి పచ్చటి నురగ కక్కి, వెంటనే తోకూపుతూ గిన్నె దగ్గరికొచ్చే కుక్క సంగతి వేరు. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులో పైత్యరసం చేసే అల్లరి అది. పడుకునే ముందు ఓ ముద్ద పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. గంటల తరబడి ఆగకుండా సాగితే అది వేరే కథ.

ఊకె = మాటిమాటికి. 'ఊరకే' అనగా కారణం లేకుండా అని కూడా. శ్లేష. రెండో అర్థం నిలబడిందో లేదో ముందు తేలుతుంది.

డోకుతుండు = ఓకరించుచున్నాడు. వాక్యానికి ప్రాణమిక్కడుంది. నేను ముఖం కూడా కడగకుండా వాకిట్లో గొంతుక్కూర్చుని చూశాను. ముందుకాళ్లు ఎడంగా చాపాడు, మెడ సాచాడు, డొక్కలు రెండు మూడుసార్లు తిత్తిలా లోపలికి పోయాయి. 'గుక్, గుక్' అన్నాడు. పెదవుల చివర తీగలా జొల్లు. ఏమీ రాలేదు. గుటక మింగి, ఇదంతా నేనే చేశానన్నట్టు నా వంక చూశాడు.

ఇక్కడ వ్యాఖ్యాత ఆగి క్రియ ఏదో తేల్చుకోవాలి. మనం అన్నింటినీ 'వాంతులు' అని ఒక్క గంపకెత్తుతాం గాని క్రియలు నాలుగు. డొక్కలు ఎగిరెగిరి పడి, ముందు జొల్లు కారి, ఆపైన బయటపడేది కక్కు. అది కడుపు పని. డొక్క కదలకుండా, తల వంచీ వంచగానే అరగని మెతుకులు అలాగే జారిపడితే అది అన్నవాహిక లోపం. పొడిదగ్గు దగ్గి దగ్గి చివర ఇంత నురగ ఉమ్మితే అది గొంతుదీ గాలిగొట్టానిదీ. ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు కుక్కల్లో ఉంది, చూసేవాళ్లకు ఎముక అడ్డుపడినట్టే ఉంటుంది. నాలుగోది మింగలేకపోవడం. దాని సంగతి కాకా వచ్చాక.

చరకుడు ఛర్దిని ఐదు రకాలన్నాడు. ఐదవది అసహ్యమైనవి చూసినందుకు, వాసన తగిలినందుకు వచ్చేది. మోతికి ఈ ఐదవది వర్తించదు. మనకు ముక్కు మూసుకునేది వాడికి నైవేద్యం.

ఏం పడ్తలేదు = ఏమియు వెలువడుట లేదు. తార్కికుల అభావాలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఇంకా రాలేదు, కాసేపట్లో వస్తుందంటే ప్రాగభావం. గడ్డి నమిలి వస్తే తరచు ఇదే. వచ్చింది గాని వాడే నాకేశాడంటే ప్రధ్వంసాభావం. కుక్కల ఇంట ఇది నిత్యకృత్యం, కనుక 'పడలేదు' అని ప్రమాణం చేసేముందు వాకిలి మూలలు చూడాలి. మిగిలింది అత్యంతాభావం. ఎంత ఓకరించినా రానే రాదు, పొట్ట డోలులా బిగుస్తుంది, కుక్క ఒకచోట నిలవదు. కడుపు గాలితో ఉబ్బి మెలిపడిందన్నమాట. లోతైన ఛాతీ గల పెద్దజాతుల్లో, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటివాటిలో ఎక్కువగా వస్తుంది. అప్పుడు టీకా తాత్పర్యం అటకమీద పెట్టి బండి తీయాలి. గంటల్లో ప్రాణం పోతుంది. మోతి పొట్ట తడిమాను. మెత్తగానే ఉంది. చాయ్ తాగాను.

పూర్వపక్షములు

ఈలోగా గోడ పక్కింటి కాకా వచ్చాడు. "గొంతుల బొక్క ఇర్కింది. నోట్ల చెయ్యివెట్టి గుంజుత" అన్నాడు. (బొక్క = ఎముక. కోస్తా పాఠకుడు రంధ్రమని చదువుకుంటే మోతికి రోగమే మారిపోతుంది.) కాకా చెయ్యి పట్టుకుని ఆపాను. రేబీస్ సోకిన కుక్క కూడా గుటక పడక, దవడ వేలాడేసి, జొల్లు కారుస్తూ అచ్చం గొంతులో ఎముక ఉన్నట్టే కనిపించవచ్చు. పాపమని నోట్లో చెయ్యి పెట్టినవాడు తన చావు తెచ్చుకోవచ్చు. 1885లో పాశ్చర్ ఆ సూది కనిపెట్టాడు గనుక సకాలంలో వేయించుకుంటే బతుకుతాం. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. జొల్లు పుండుకు తగిలినా, పన్ను గీరుకున్నా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి దవాఖానకు పోవలసిందే. మోతి టీకా కార్డు బీరువాలో ఉంది. మల్లినాథుడు రాసింది గాదు, సూదిది.

రెండో పూర్వపక్షి గ్లాసెడు మంచినూనె తాగించమన్నాడు. ఓకరించే కుక్క గొంతులో నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడోవాడు జేబులోంచి పారాసిటమాల్ తీశాడు. మనిషి గోలీ, మనిషి మోతాదు కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, నెత్తుటినీ పాడుచేస్తుంది. మల్లినాథుడు చెప్పిన విషం ఇదేనేమో.

ఏం తిన్నడో ఏమో = ఉత్తరము

పశువుల దవాఖానకు ఇంటిల్లిపాదీ పోయాము. డాక్టరు పెదవి ఎత్తి చిగురు మీద వేలు నొక్కి వదిలాడు. తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపే గులాబీరంగు తిరిగొచ్చింది. మెడమీది తోలు పట్టి వదిలితే వెంటనే సర్దుకుంది, అంటే ఒంట్లో నీరుంది. జ్వరం 101.8, కుక్కకు అది మామూలే. వీడు కూన కాదు, విరేచనంలో రక్తం లేదు, కనుక పార్వో వైపు అనుమానం మళ్లలేదు. 1978లో బయటపడ్డ ఆ వైరస్ సూదుల్లేని కూనల్ని ఇప్పటికీ రెండు మూడు రోజుల్లో తినేస్తుంది.

"నిన్న ఏం వెట్టిన్రు?" అన్నాడు.

"ఏం వెట్టలే సార్" అన్నాము. నలుగురమూ, ఒకే గొంతుతో.

ఆయన ఏమీ అనకుండా మోతి పొట్ట నొక్కుతూ కూర్చున్నాడు. ఆ మౌనానికి మొదట కరిగింది మా నాయన. "ఒక్క మూలుగ బొక్క. గదిగూడ శిన్నదే." తర్వాత నా బిడ్డ, గోడవైపు చూస్తూ, సగం చాక్లెట్టు. ఇల్లాలు, తాలింపు మజ్జిగన్నం. నేను మిగిలాను. జొన్నరొట్టె తునకలు షోర్వాలో ముంచి, రాత్రి పదకొండుకు, ఎవరూ చూడకుండా.

ఇవి ప్రక్షిప్తాలు. మూలంలో లేనివి, తలా ఒకరు చాటుగా చేర్చినవి. ఒక్కొక్కటీ పెట్టినవారికి ఒక్క ముద్దే. మోతికి మాత్రం నాలుగు విస్తళ్లు. ఇందులో అమాయకమైనది తక్కువ. ఉడికిన ఎముక పెళుసుబారి, పుల్లలుగా చీలి పేగును గీస్తుంది. షోర్వాలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉంటాయి. ఉడికినా వాటి విషం పోదు, కుక్క నెత్తుటిలోని ఎర్రకణాలను అవి చిట్లగొడతాయి. చాక్లెట్టులోని థియోబ్రోమిన్‌ను కుక్క ఒళ్లు మనంత తొందరగా కరిగించుకోలేదు. అది సగం ముక్క, పైగా పాలచాక్లెట్టు గనుక డాక్టరు నా బిడ్డను ఏమీ అనలేదు. నన్ను అన్నాడు.

ఇల్లాలి మూలవాక్యంలో 'ఏం తిన్నడో ఏమో' అన్నది సందేహాలంకారమని నేను పొద్దున అనుకున్నాను. కాదట. వక్రోక్తి. ఆమె పదకొండుకు మేలుకునే ఉంది.

డోకు ఆగడానికి ఒక సూది పడింది. పన్నెండు గంటలు తిండి బంద్, నీళ్లు కొంచెం కొంచెంగా. ఆపైన ఉప్పూ కారం ఉల్లీ లేని మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్, రెండ్రోజులు. ఏది కారణమని అడిగితే డాక్టరు నలుగురినీ వేలితో చూపించాడు. మళ్లీ డోకితే ఎక్స్‌రే అన్నాడు. సాయంత్రానికి మోతి వాకిట్లో గడ్డీ నురగా కక్కి, దానిపక్కనే హాయిగా పడుకున్నాడు. ఎముక ముక్క ఉందేమోనని పుల్లతో కెలికి చూశాను. లేదు. ఈ అభావం ఏ రకమో ఇంకా తేల్చలేదు.

తాత్పర్యము

1956 దాకా బీదర్ జిల్లాలో, 2016 దాకా మెదక్‌లో, ఇప్పుడు సంగారెడ్డిలో ఉన్న నారాయణఖేడ్ వాస్తవ్యుడు, షోర్వాపరాధి, రచించిన శునకజీవాతువు అను టీకయందు డోకు ప్రకరణము సమా

వంటింట్లో గిన్నె మూత తీసిన చప్పుడు. మోతి లేచాడు. వెనక నాయన వస్తున్నాడు, ఒక చెయ్యి లుంగీ మడతలో ఉంది.