ఐదో ఊయల

రాజమండ్రి నుంచి 80 కిలోమీటర్లు దాటి వెళ్తే మారేడుమిల్లి. అక్కడి నుంచి చింతూరు వైపు ఘాట్‌రోడ్డు మీద కొంతదూరం పోయి, కారు ఆపుకొని, నలుగురు కుర్రాళ్లు కాలిబాట పట్టారు. హైదరాబాద్ వాళ్లు. అక్టోబరు నెల. వానలు వెనకపట్టాయని అందరూ అనుకుంటున్న రోజులు.

దారి చూపడానికీ సామాను మోయడానికీ దగ్గర్లోని కొండరెడ్ల గూడెం నుంచి ఒకాయన్ని మాట్లాడుకున్నారు. యాభై ఏళ్లుంటాయి. బ్యాగులన్నీ కావిడికెత్తుకుని ముందు నడిచాడు. నలుగురూ ఆయన్ని బాబాయ్ అని పిలిచారు.

వాగుకి ఎగువన, మిట్ట మీద బస. అక్కడ ఊయలలు కట్టుకొని పడుకోవాలని వాళ్ల ఏర్పాటు. హ్యామక్ అంటారు వాళ్లు. నైలాన్ గుడ్డ. మడిస్తే గుప్పిట్లో పడుతుంది.

నలుగురిలో ఒకడు లీడరు. పని తెలిసినవాడు. చెట్టు మొదలు చూసే ముందు తలెత్తి పైకి చూశాడు. ఎండుకొమ్మ ఉన్న చెట్టుని వదిలేశాడు. తాడు బెరడుని కోస్తుందని అంగుళం వెడల్పు పట్టీలు చుట్టించాడు. పట్టీ 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కోదాని మీద పడేది మనిషి బరువంత. బిగలాగి 15 డిగ్రీలకి తెస్తే దాదాపు రెట్టింపు పడుతుంది. ఆ లెక్క అతనికి కంఠతా వచ్చు. ఒకడు బిగించి కడితే విప్పించి మళ్లీ కట్టించాడు.

అతనికి ఒకటే నియమం. నేలమీద ఏదీ ఉండకూడదు.

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అడవిలో తడి పైనుంచే రాదు. పొద్దుగూకాక మట్టిలోంచి పైకి వస్తుంది. వాన పడితే చినుకు నేలకి కొట్టుకుని మళ్లీ లేస్తుంది, బురదతో సహా. బరకం కింద పెట్టిన బ్యాగు కూడా అడుగునుంచి తడుస్తుంది. బిస్కెట్ పొట్లం కింద పెడితే తెల్లారేసరికి చీమల బారు. వదిలేసిన బూటులోకి తేలు దూరితే తెలిసేది కాలు పెట్టాకే. తడి ఆకుల్లో జలగలు సరేసరి.

నాలుగు ఊయలలు కట్టడం అయ్యాక లీడరు సంచిలోంచి ఐదోది తీశాడు. కాస్త చిన్నది. బాబాయ్ ఎదురొచ్చి ఒక కొస అందుకున్నాడు.

“ఇదెవరికి బాబూ?”

“సామానుకి.”

బాబాయ్ ఆ కొస తీసుకెళ్లి చెట్టుకి చుట్టాడు. బ్యాగులన్నీ అందులోకి ఎక్కించారు. ఎక్కించే ముందు ఒక్కో సంచి మూతినీ మూడు మడతలు చుట్టి క్లిప్పు పెట్టారు. కెమెరా, పవర్‌బ్యాంకులు, అగ్గిపెట్టె, పొడిబట్టలు అన్నీ లోపలే. బూట్లు లేసులతో జతలు కట్టి, బోర్లించి, తాడుకి వేలాడేశారు. పైన టార్ప్ పరిచి నాలుగు మూలలకీ మేకులు దిగ్గొట్టారు.

ఇక నూలుతాళ్లు. ఎంత మంచి టార్ప్ కట్టినా నీళ్లకి ఒక దొంగదారి ఉంటుంది. చెట్టు మానుని తడిపిన వాన పట్టీ మీదికి దిగి, పట్టీ వెంటే నడిచి, తిన్నగా ఊయలలోకి చేరుతుంది. పైన ఒక్క చుక్క పడకపోయినా నడిరేయికి వీపు కింద మడుగు. దానికి విరుగుడు చిన్నది. ఊయల మొదలయ్యే చోటికి జానెడు ముందు పట్టీకి ఒక నూలుముక్క కట్టి కిందికి వదలాలి. నైలాన్ అంతగా నీళ్లు పీల్చదు. నూలైతే పట్టీ మీద వచ్చే నీటిని పట్టి కిందికి దించేస్తుంది.

లీడరు సీసాతో పట్టీ మీద నీళ్లు పోసి చూపించాడు. నీళ్లు జారుతూ వచ్చి నూలు దగ్గర ఆగి, కొస నుంచి చుక్కలుగా నేలకి రాలాయి. ఊయల తడవలేదు. బాబాయ్ వంగి చూశాడు. వేలితో ఆ చుక్కల్ని పట్టి చూశాడు.

“బావుంది బాబూ.”

ఐదు ఊయలలకి పది కొసలు. తెచ్చిన నూలుతాడు ఎనిమిదింటికే సరిపోయింది. సామాను ఊయల మిగిలిపోయింది. లీడరు జేబులన్నీ వెతికాడు. బాబాయ్ భుజం మీది తువ్వాలు తీసి, పంటితో అంచు కొరికి, చర్రున చించాడు. రెండు పీలికలు. రెండు కొసలకీ తనే కట్టాడు.

వంట, భోజనం అయ్యాయి. ఆయన కొండవైపు చూసి, రాత్రికి వాన తప్పదన్నాడు. కుర్రాళ్లు ఊయలల్లోకి ఎక్కి దోమతెరల జిప్పులు లాక్కున్నారు.

“నువ్వెక్కడ పడుకుంటావ్ బాబాయ్?” ఒకడు లోపల్నుంచి అడిగాడు.

“నాకేం బాబూ, ఇక్కడే.”

ఇక్కడే అంటే ఒక బండరాయి మొదట్లో. యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా ఒకటి పరుచుకున్నాడు. పైన ఒక దుప్పటి. అంతే.

ఒంటిగంట దాటాక గాలి లేచింది. వెనకే వాన. టార్పులు టపటపా కొట్టుకున్నాయి. నేల మెత్తబడి ఎక్కడో మేకు ఊడిన చప్పుడయింది. లీడరు జిప్పు తీయకుండానే కేకేశాడు.

“బాబాయ్, బ్యాగులు చూడు!”

“చూస్తున్నా బాబూ.” చీకట్లోంచి మాట వచ్చింది.

వాన తెల్లవారుజాము దాకా పడింది. ఎవరూ దిగలేదు.

పొద్దున్న లీడరు ముందుగా సామాను దగ్గరికి వెళ్లాడు. టార్ప్ ఒక మూల ఊడి వేలాడుతోంది. కానీ ఊయల మీద యూరియా సంచుల పట్టా పరిచి ఉంది. నాలుగు మూలలా అడ్డతీగ నారతో ముడులు. రెండు కొసల దగ్గరా తువ్వాలు పీలికల నుంచి ఇంకా నీటిచుక్కలు రాలుతున్నాయి. పట్టా తొలగించి బ్యాగుల కింద చెయ్యి పెట్టి తడిమాడు. పొడి. కెమెరా తీశాడు. పొడి. పొట్లం విప్పి బిస్కెట్ విరిచాడు. పుటుక్కుమంది. అగ్గిపుల్ల గీశాడు. మొదటి గీతకే వెలిగింది.

“చూశార్రా? రాత్రంతా వాన. ఒక్క వస్తువు తడవలేదు.”

మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పట్టాని వదిలి టార్ప్‌కీ ఊయలకీ ఫొటోలు తీసుకున్నారు.

బండ దగ్గర బాబాయ్ దుప్పటి పిండుతున్నాడు. ఒకసారి పిండి, తిప్పి పట్టి మళ్లీ పిండాడు. నీళ్లు ధారగా కారాయి. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. వచ్చి ఊయలలు విప్పించాడు. బ్యాగులు కావిడికి సర్దాడు. దుప్పటి మడిచి, వాటి మీద పెట్టబోయాడు.

లీడరు చెయ్యి అడ్డం పెట్టాడు.

“బాబాయ్, దాన్ని బ్యాగులకి తగలనీకు. తడి అంటుకుంటుంది.”