అలాస్కా క్రూజ్‌కి మొదటిసారి వెళ్తున్నారా? అలవకుండా పదకొండు చిట్కాలు

మీ బావమరిది పోయిన ఆగస్టులో అలాస్కా వెళ్ళొచ్చాడు. హబ్బర్డ్ గ్లేసియర్ ముందు చేతులు బారచాపి నిలబడ్డ ఫొటో స్టేటస్‌లో పెట్టాడు. మీ ఆవిడ దాన్ని మూడుసార్లు చూసి, నాలుగోసారి మీకు చూపించింది. కాబట్టి మీరూ వెళ్ళాలి. వెళ్ళమన్నారు కదా అని ఒళ్ళు వంచనక్కర్లేదు. బుర్రకి పని చెప్పకుండా, జేబు తడమకుండా, తెలిసినవాళ్ళ మాట ఒక్కటీ వినకుండా డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఈ యాత్ర చేసే పద్ధతి ఇదీ. వరస తప్పకండి.

1. ముందు వాట్సాప్ గ్రూపు పెట్టండి. నాలుగు కుటుంబాలకి తక్కువ కాకుండా చూసుకోండి. ఒక్కరే వెళ్తే నిర్ణయం మీరే తీసుకోవాలి, అంత ఖర్మ దేనికి? గ్రూపుకి "అలాస్కా 2026" అని పేరు పెట్టి, మొదటి నెలంతా తేదీల మీద నడపండి. సీజను మే నుంచి సెప్టెంబరు దాకా. మేలో వానలు తక్కువ, ధరా తక్కువ అని ఎవరో ఒకరు చదువుకొచ్చి చెబుతారు. వాళ్ళకి "చూద్దాం" అని రాయండి. జూన్ అంటే ఒకరికి ఆఫీసులో రిలీజు, జులై అంటే ఒకరింట్లో గృహప్రవేశం, ఆగస్టు అంటే ఇంకొకరికి వరలక్ష్మీ వ్రతం. అందరికీ పక్కపక్క గదులే కావాలని పట్టుబట్టండి. పక్కపక్క గదులు నెలల ముందే అయిపోతాయి కాబట్టి మీ పట్టు ఎవరూ విడిపించలేరు. ఈ ఏడు కుదరకపోయినా నష్టం లేదు. గ్రూపు పేరులో ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది.

2. కుదిరిందనుకోండి, అప్పుడు కూడా డబ్బు కట్టకండి. పాపికొండల లాంచీ దగ్గర బేరమాడిన అనుభవం ఉంది కదా, అదే వాడండి. ఖాళీగా పోయే బదులు ఆఖర్న సగం ధరకి ఇస్తారన్న నమ్మకంతో రోజూ పొద్దున్నే ధర చూసి, పెరిగితే నవ్వుకోండి. చాలా కంపెనీలు ప్రయాణానికి మూడు నెలల ముందే మొత్తం కట్టమంటాయి, ఆ తర్వాత రద్దు చేసుకుంటే కోత మొదలు. సరిగ్గా ఆ గడువుకి ముందురోజు కట్టి, మర్నాడు మనసు మార్చుకోండి. బీమా జోలికి మాత్రం పోకండి. మనకేం అవుతుంది?

3. ఓడని ఎంచుకునేటప్పుడు జారుడుబల్లలు లెక్కపెట్టండి, దారి చూడకండి. గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి వేసవిలో రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడల్నే రానిస్తారు. అంటే అన్ని ఓడలూ అక్కడికి వెళ్ళవు. కొన్ని హబ్బర్డ్‌కి వెళ్తాయి, కొన్ని ఎండికాట్ ఆర్మ్ అనే సన్నటి సముద్రపు పాయలోకి వెళ్తాయి. ఈ తేడా టికెట్టు కొన్నాక, వీలైతే ఓడ ఎక్కాక, అందరి ముందూ తెలుసుకోండి. "మంచు మంచే కదా" అనండి. ఆ మాటకి మీ ఆవిడ వైపు చూడకండి.

4. వీసా సంగతి. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమామల్ని కూడా తీసుకెళ్దామనుకుంటారు. మంచిదే, తీసుకెళ్ళండి. అమెరికా వీసా ఉంది, అలాస్కా అమెరికాదే, 1867లో రష్యా నుంచి 72 లక్షల డాలర్లకి కొనేశారు, ఇంక అడిగేదెవరు? ఇలా ధైర్యం చెప్పండి. సియాటిల్ నుంచి వెళ్ళే ఓడ తిరుగుదారిలో కెనడా వాళ్ళ విక్టోరియాలో సాయంత్రం ఆగుతుందన్న సంగతి ఎవరూ ఎత్తకుండా చూసుకోండి. ఎందుకు ఆగుతుందంటారా? 1886లో అమెరికా ఒక చట్టం చేసింది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని అమెరికాలోనే తిప్పి దింపకూడదు, మధ్యలో ఒక్క పరాయి రేవైనా తాకాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలవే. అందుకే ఆ నాలుగు గంటల విక్టోరియా. ఇండియా పాస్‌పోర్టు మీద విజిటర్ వీసాతో వచ్చినవాళ్ళకి ఆ కాస్త దానికీ కెనడా వీసా కావాలి.

మీకు గ్రీన్ కార్డు ఉంది, మీకు అక్కర్లేదు. మీకు అక్కర్లేనిది వాళ్ళకి మాత్రం దేనికని తేల్చేయండి. రేవులో కౌంటరు దగ్గర "దిగరు, గదిలోనే పడుకుంటారు" అని వాదించండి. గొంతు పెంచండి. వెనక లైను పెరుగుతుంది, అదే మన బలం. ఎంత వాదించినా ఎక్కనివ్వకపోతే అత్తమామల్ని బెల్‌వ్యూలో ఉండే మీ దూరపు చుట్టం ఇంటికి టాక్సీలో పంపండి. ఆయనతో ఆరేళ్ళుగా మాటల్లేవు, దీంతో కలుస్తాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్తూ మీ మామగారు ఏదైనా ఇస్తే కాదనకండి. ఆయన హెచ్‌ఎంటీ వాచీ అయితే మరీ మంచిది, పదకొండో చిట్కాలో పనికొస్తుంది.

5. విమానం అదే రోజు పొద్దున పెట్టుకోండి. ముందురోజే వెళ్ళి హోటల్లో దిగేవాళ్ళు డబ్బు చేసినవాళ్ళు. ఓడ నాలుక్కి బయల్దేరితే మీరు మూడింటికి సియాటిల్‌లో దిగితే చాలదూ? చాలదు, ఎక్కడం చాలా ముందే ఆపేస్తారు. అయినా బెంగపడకండి, జూనోలో అందుకుంటామనుకోండి. జూనో అలాస్కా రాజధాని. దానికి బయటి ఊళ్ళనుంచి రోడ్డే లేదు.

6. గది విషయంలో రెండు దార్లున్నాయి. పొదుపరులైతే కిటికీ లేనిది తీసుకోండి. జూన్‌లో అక్కడ పగలు పద్దెనిమిది గంటలుంటుంది. మీ గదిలో మాత్రం ఎప్పుడూ అమావాస్యే, కాబట్టి గ్లేసియర్ వచ్చిన పూట కమ్మగా నిద్రపోవచ్చు. దర్జా కావాలనుకుంటే బాల్కనీ తీసుకుని లుంగీలు ఆరేయండి. ఏ గదైనా ఓడకి ముందు కొసన, బాగా పై అంతస్తులో ఉండేట్టు చూడండి. ఊపు తక్కువుండేది నడిమధ్యన, కింది అంతస్తుల్లో అని అనుభవజ్ఞులు చెబుతారు. సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటగా, బయటి సముద్రం మీదుగా పోతాయి కాబట్టి ఉయ్యాల సుఖం మీకు మొదటి రాత్రే దక్కుతుంది. వాంతి బిళ్ళలు పెద్ద పెట్టెలో అడుగున పెట్టండి. ఆ పెట్టె గదికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది.

7. రైస్ కుక్కరు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. వేడెక్కే పరికరం ఏదీ ఓడల్లోకి రానివ్వరు. కుక్కరు, కెటిలు, ఇస్త్రీపెట్టె అన్నీ నిషిద్ధమే. సముద్రం మధ్యన నిప్పంటుకుంటే పారిపోయే చోటుండదు, అదీ వాళ్ళ భయం. ఇది మనకోసం పెట్టిన రూలు కాదని భావించి, కుక్కరుని పట్టుచీర మడతల్లో చుట్టండి. గిన్నెలో కందిపొడి సీసా, సీసా పక్కన మాగాయ పొట్లం. సామాను ఎక్స్‌రేలో పోతుంది కదా అంటారేమో. పోతుంది, దొరుకుతుంది. మీ పేరు రాసుకుని కుక్కరుని ఆఖరి రోజు దాకా దాచిపెడతారు. చీర కూడా విప్పి చూస్తారు. అప్పుడు చరిత్ర ఎత్తండి. 1898లో క్లోండైక్ బంగారం కోసం స్కాగ్వే వైపు నుంచి కనుమలెక్కినవాళ్ళని, ఏడాదికి సరిపడా తిండీ సామానూ లేనిదే కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. తలకి దాదాపు ఒక టన్ను. "మేము తెచ్చింది మూడు కిలోలు" అనండి. కుక్కరు ఇవ్వరు, కానీ గెలిచింది మీరే.

ఆ తర్వాత బఫేలో ఏడు రోజులూ పెరుగన్నం మీద అలిగి కూర్చోండి.

8. ఓడ కదలకముందు ప్రాణరక్షణ తర్ఫీదు ఉంటుంది. అందరూ తమ గుమిగూడే చోటు చూసి హాజరు వేయించుకోవాలి. వెళ్ళకండి. రానివాళ్ళని మైకులో పిలుస్తారు, మీ ఇంటిపేరు పద్దెనిమిది అంతస్తుల్లో మోగుతుంది. ఇంత ప్రచారం పైసా ఖర్చు లేకుండా ఎక్కడ దొరుకుతుంది? అటునుంచి అటే కౌంటరుకి వెళ్ళి, తలకి ఇంతని రోజూ బిల్లులో వేసే టిప్పులు తీసేయించండి. గది ఊడ్చే కుర్రాడు మన దేశంవాడైతే మరీ సులువు, ఊరూ పేరూ అడిగి, వరస కలిపి, "తమ్ముడూ" అనండి. ఆ పిలుపుతో సరిపెట్టేయండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని అతనే చెబుతాడు. పెట్టకండి, నడిసముద్రంలోంచి తెనాలికి వీడియో కాల్ చేసి బఫే చూపించండి. ఓడ సిగ్నలుకి రోమింగు బిల్లు వచ్చే నెలలో కదా.

9. రేవుల్లో టూర్లు కొనకండి. స్కాగ్వేలో వైట్ పాస్ రైలుందంటారు, 1900లో పూర్తయిన సన్నపట్టాల దారి, ఇరవై మైళ్ళలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుందట. అరకు రైలెక్కిన మనకి చెబుతారా! దిగి, టీషర్టుల కొట్టు చూసి వచ్చేయండి. జూనోలో మాత్రం మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి సొంతంగా వెళ్ళండి. ఊరికి పన్నెండు మైళ్ళు. సిటీ బస్సుంది, గ్లేసియర్‌కి మైలున్నర ఇవతలే దింపేస్తుంది. మిగతాది వానలో నడవండి. అక్కడ ఎంతసేపైనా ఉండండి. ఓడవాళ్ళ టూరులో వెళ్ళినవాళ్ళు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్ళినవాళ్ళకి ఆగదు. కానీ మీరు గ్రూపు అడ్మిను కదా.

10. కెచికాన్‌లో ఏడాదికి 150 అంగుళాల దాకా వాన పడుతుంది, అంటే హైదరాబాదు వానకి నాలుగున్నర రెట్లు. రెయిన్‌కోటు కొనకండి. కాటన్ జీన్స్ వేసుకోండి, ఒకసారి తడిస్తే విక్టోరియా దాకా ఆరదు, మార్చే శ్రమ ఉండదు. తిమింగలాల షో ఎన్నింటికో రిసెప్షన్‌లో అడగండి. తోక పైకి లేచిన క్షణంలో ఫోను పాస్‌వర్డు కొడుతూ ఉండండి. ఉత్తర ధ్రువపు వెలుగులు చూపిస్తానని ఇంట్లో ముందే మాటివ్వండి. వేసవిలో ఆకాశం నల్లబడితే కదా అవి కనిపించేది, మాట తప్పిందని ఎవరూ రుజువు చెయ్యలేరు.

11. గడియారం. అలాస్కా సమయం సియాటిల్ కంటే గంట వెనక. వెళ్ళేటప్పుడు మామగారి హెచ్‌ఎంటీని గంట వెనక్కి తిప్పండి. వచ్చేటప్పుడు ఓడలో గంట ముందుకి జరుపుకోమని కాగితం వస్తుంది, దానిమీద చట్నీ పెట్టుకోండి. విక్టోరియాలో దిగి బుచార్ట్ గార్డెన్స్ చూడండి. సున్నపురాయి గనిని పూలతోట చేశారు, నిజంగా బావుంటుంది. ఓడ పదకొండున్నరకి ఎక్కమంటే మీ వాచీ పదిన్నరే చూపిస్తుంది. తొందరేం లేదు, ఒక కాఫీ తాగండి. రేవుకి వచ్చేసరికి ఓడ దీపాలు దూరంగా, చాలా అందంగా కనిపిస్తాయి. సియాటిల్ అక్కడికి ఎంతో దూరం కాదు. మధ్యలో ఒక సముద్రం, ఒక సరిహద్దు, అంతే.

ఇంటికొచ్చాక స్టేటస్ సంగతి. మీ ఫోన్లో లుంగీలు, బఫే, నీళ్ళ మీద ఒక నల్లచుక్క తప్ప ఏమీ ఉండవు. మీ బావమరిది ఫొటోలే తెప్పించుకుని, ఆయన్ని కత్తిరించి పెట్టేయండి. హబ్బర్డ్ గ్లేసియర్ పొడవు 122 కిలోమీటర్లు. రెండు కుటుంబాలకి సరిపోతుంది.