అసలేం చేశారట?

నాది రాతిగుండె అని ఎవరూ అనరు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన నాలుగో మాట దగ్గరికొచ్చేసరికి ప్రతి ఏడూ నా గొంతు పూడుకుపోతుంది. కొరడాలు, ముళ్ళ కిరీటం, మేకులు కళ్ళముందే కనపడతాయి. రెండు వేల ఏళ్ళ కిందట యెరూషలేములో పారిన రక్తానికి ఇంతగా కదిలిపోయేవాణ్ణి, మా రేపల్లెలో బండెక్కి దిగేంత దూరంలో పారిన రక్తానికి ఎన్నడూ కదల్లేదు. ఆ సంగతి యాభై దాటాక గాని నా బుర్రకెక్కలేదు. పైగా కదలకపోవడాన్ని నేను వివేకం అనుకున్నాను. నా తెలివితక్కువతనమంతా అక్కడే ఉంది.

ఆ వివేకానికి నా దగ్గరో పనిముట్టు ఉండేది. ఎవరినో కొట్టారన్నా, చంపారన్నా ముందు నా నోట్లోంచి వచ్చే మాట, "అసలేం చేశారట?" వినేవాళ్ళకు నిజం తెలుసుకోవాలన్న ఆరాటంలా ఉంటుంది. జవాబు రాగానే నాకు మాత్రం హాయిగా నిద్రపట్టేది.

1991లో తెనాలిలో డిగ్రీ చదువుతున్నాను. ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలువలో పడేశారు. బాపట్ల వైపు లైనులో తెనాలి తర్వాత చుండూరే. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు తెనాలికి వచ్చి సాల్వేషన్ ఆర్మీ కాంపౌండులో తలదాచుకున్నారు. మా చర్చి కుర్రాళ్ళం బియ్యం, పాత బట్టలు పోగేసి పట్టుకెళ్ళాం. చనిపోయినవాళ్ళ పేర్లలో బైబిలు పేర్లు వినపడ్డాయి. మాదీ మాలపల్లెలోంచి వచ్చిన కుటుంబమే. అయినా బట్టల మూట దించుతూనే అడిగాను, అసలు గొడవెక్కడ మొదలైందని. సినిమా హాల్లో అన్నారు. ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోని పెద్దకులం అబ్బాయికి తగిలిందట.

ఇంటికొచ్చి అమ్మతో, "సినిమాకి పోకుండా ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు" అన్నాను. సినిమా పాపమని మా చర్చి అయ్యగారు తరచూ చెప్పేవారు. ఎనిమిది ప్రాణాలు నా చేతిలో పడి ఆ ప్రసంగానికి ఒక ఉదాహరణ అయిపోయాయి. ఆ నెల్లోనే నేను తెనాలిలో మార్నింగ్ షో చూశానన్నది కూడా చెప్పాలి.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్న నిజం కోసం కాదు, భయంతో అడిగానని తెలుస్తోంది. వాళ్ళేదో తప్పు చేశారని తేలితే నాకు అలా జరగదు. నేను చదువుకుంటున్నాను, టౌను చర్చిలో గిటారు వాయిస్తున్నాను, నా కాలు ఎవరికీ తగల్లేదు. మా తాత బతికుంటే ఇంత తేలిగ్గా అనేవాడు కాదు.

ఆ కేసు విచారణకు చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఈస్టరు వెళ్ళి రెండు రోజులే అయింది. పేపరు మడిచి, "పైన దేవుడి కోర్టు ఒకటుందిలే" అన్నాను. మాట ఎంత భక్తిగా ఉందో చూడండి. ఈస్టరంటేనే యేసు మీద పిలాతు ఇచ్చిన తీర్పును దేవుడు కొట్టేసిన రోజు. కింద ఇచ్చిన తీర్పు చెల్లదని ఈ భూమ్మీదే, ఆ సమాధి దగ్గరే తేలిన రోజు. ఆ పండగ కేకు తిన్న నోటితోనే నేను చుండూరు ఫైలును పరలోకానికి బదిలీ చేశాను. బాధితుల తరఫున సుప్రీంకోర్టుకు వెళ్ళినవాళ్ళకు నాకంత విశ్వాసం లేదు కాబోలు.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. చుండూరు, మా రేపల్లె ఒకే జిల్లాలోకి వచ్చాయి. నెల తిరక్కుండానే, మే 1న, ప్రకాశం జిల్లా నుంచి కృష్ణా జిల్లాకు కూలిపనికి వెళ్తున్న కుటుంబం ఒకటి అర్ధరాత్రి బస్సు దొరక్క రేపల్లె స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద పిల్లలతో పడుకుంది. భర్తను కొట్టి, కడుపుతో ఉన్న భార్యను ఈడ్చుకెళ్ళి సామూహికంగా చెరిచారు. తెల్లారితే ఆదివారం. చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే సంగతి తెలిసింది. "ఆ టైములో ప్లాట్‌ఫారం మీద పడుకోవడమేంటి?" అన్నాను. ఆ రోజు విన్నపాల ప్రార్థన నా వంతు. మా పట్టణానికి వచ్చిన చెడ్డపేరు తీసెయ్యమని ప్రభువును వేడుకున్నాను. ఆమె గురించి ఒక్క ముక్క అనలేదు. సంఘమంతా ఆమేన్ అంది.

కడుపుతో ఉన్న ఆడమనిషి, పక్కన పేద భర్త, పరాయి ఊరు, తలదాచుకోను చోటు లేని రాత్రి. ఏటా డిసెంబరులో ఈ కథనే పిల్లలచేత నాటకం వేయిస్తాను. సత్రం యజమాని డైలాగులు రాసేది నేనే.

2023 జూన్‌లో నా ప్రశ్న చెల్లని చోటు ఒకటి తగిలింది. చెరుకుపల్లి మండలంలో పదో తరగతి కుర్రాడు తన అక్కను వేధిస్తున్నవాణ్ణి నిలదీశాడు. తెల్లవారుజామున ట్యూషనుకు వెళ్తుంటే కాపుకాసి పెట్రోలు పోసి తగలబెట్టారు. ట్యూషనుకు వెళ్ళే పిల్లాడు ఏం చేశాడని అడగను? బాపట్ల బస్సులో పక్కాయనతో, "ఇవి అంత్యదినాలండీ" అన్నాను. అక్రమం పెరిగి చాలామంది ప్రేమ చల్లారిపోతుందని ప్రభువు ముందే చెప్పాడు కదా అని వివరించాను కూడా. చల్లారేది హంతకుల ప్రేమ అని నా వ్యాఖ్యానం. చల్లారాలంటే ముందు వెచ్చగా ఉండాలి కదా. ఆ హెచ్చరిక ఒకప్పుడు ప్రేమించడం తెలిసినవాళ్ళకు, అంటే బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న నాబోటివాళ్ళకు.

2025 గుడ్ ఫ్రైడేకి నాకు రెండో మాట ఇచ్చారు, సిలువ మీది దొంగకు యేసు ఇచ్చిన మాట. బాగా చెప్పానని అందరూ మెచ్చుకున్నారు. మే నెలాఖరులో తెనాలి వీడియో ఫోన్లోకి వచ్చింది. ఐతానగర్‌లో ముగ్గురు కుర్రాళ్ళను రోడ్డు మీద కూర్చోబెట్టి, కాళ్ళు అదిమిపట్టి, అరికాళ్ళ మీద పోలీసులు లాఠీతో కొడుతున్నారు. ఆ కుర్రాళ్ళు కానిస్టేబులు మీద దాడి చేశారని, పాత కేసులున్నాయని పోలీసులు చెప్పారు. ప్రశ్న అడగకుండానే జవాబు దొరికింది. "ఇలాంటివాళ్ళకు ఇలాగే పడాలి" అని రాసి చర్చి గ్రూపులో పెట్టాను.

ఎనభై దాటిన మా మేనత్త నా ఫోను లాక్కుని ఆ వీడియో చివరిదాకా చూసింది. "ఏరా, మొన్న సిలువ దగ్గర దొంగ గురించి అంతసేపు చెప్పావే, వాడి మీద ఎన్ని కేసులున్నాయో చెప్పలేదేం?"

నవ్వేశాను. రాత్రి నిద్రపట్టలేదు. ఆ దొంగ తనకు పడింది న్యాయమైన శిక్షేనని తానే ఒప్పుకున్నాడు. యేసు ఆ మాట కాదనలేదు. నువ్వు నిర్దోషివైతేనే నీతో మాట్లాడతానని కూడా అనలేదు. కొండమీద ఆ రోజు ముగ్గురున్నారు, కింద ఒక గుంపుంది. ఇన్నేళ్ళూ తల్లి మరియ పక్కన నిలబడి ఏడుస్తున్నాననుకున్నాను. నేను రాసిన మెసేజి మాత్రం ఆ గుంపులోంచి వచ్చింది.

నా ప్రశ్నకు సువార్తలోనే జవాబుంది. పిలాతు కొందరు గలిలయులను చంపించాడని చెప్పుకుంటుంటే, వాళ్ళు అందరికన్నా పాపులని అనుకుంటున్నారా అని యేసు ఎదురడిగాడు. సిలోయములో గోపురం కూలి చచ్చిపోయిన 18 మంది గురించీ అదే అడిగాడు. ఆ అధ్యాయం మీద సండే స్కూల్లో పరీక్ష పెట్టి, 18 అని సరిగ్గా రాసిన పిల్లలకు పూర్తి మార్కులు వేశాను.

మారిపోయానని సాక్ష్యం చెబితే అది ఇంకో అబద్ధం. ఆ ప్రశ్న ఇప్పటికీ ముందుగా నాలుక మీదికే వస్తుంది. ఎవరేం చేశారో తేల్చాల్సింది కోర్టు. ఆ పని లాఠీదీ కాదు, నాదీ కాదు. దెబ్బతిన్నవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు, పక్కన ఎవరున్నారు అని అడగడం నేర్చుకుంటున్నాను. ఇది మొదటి ప్రశ్నంత సుఖం కాదు. జవాబు తెలిశాక లేచి వెళ్ళాల్సి వస్తుంది.

విన్నపాల వంతు వచ్చినప్పుడు ఊరికి మంచిపేరు ఇమ్మని అడగడం మానేశాను. పేరు సంగతి అలా ఉంచి, ముందు మాకు కాస్త సిగ్గు ఇమ్మని అడుగుతున్నాను. ఆమేన్ మాత్రం మునుపటంత గట్టిగా రావడం లేదు.