గాలి తాగిన మీటరు

మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తాయి. నీళ్లకంటే ముందు గాలి వస్తుంది. ఖాళీ పైపులో ఇరుక్కున్న గాలి బుస్సుమంటూ ఎగదన్నుకొస్తుంటే మీటరు ముల్లు గిర్రున తిరుగుతుంది. బిందెలో చుక్క పడదు. లెక్క మాత్రం పడుతుంది. ఆ గాలి అంకె నెలాఖరుకు బిల్లులోకి, బిల్లులోంచి కంప్యూటర్లోకి, అక్కణ్నుంచి ఎవరో మేధావి తయారుచేసే 'నగర నీటి వినియోగ మోడలు'లోకి చేరుతుంది. హైదరాబాదు మనిషికి కోడి కూయకముందే తెగ దాహం వేస్తుందని అందులో తేలుతుంది.

తేలక చస్తుందా! గంటగంటకూ గీత గీస్తే నాలుగున్నరకు కొండ, ఆరింటికి లోయ, ఆపైన ఎల్లుండి దాకా ఎడారి. ఆ కొండకు 'గరిష్ఠ డిమాండు' అని నామకరణం, దానిమీద ఓ సమీకరణం. అయ్యా, అది మా డిమాండు కాదు. లైన్‌మన్ స్కూటరు దిగి వాల్వు తిప్పిన వేళ. మేం నిద్రకళ్లతో లేచి సంపు మూత తీసి, రెండు రోజులకు సరిపడా పట్టి పెట్టుకుంటాం. ఆ తర్వాత స్నానాలెప్పుడు, అంట్లెప్పుడు, బట్టలెప్పుడు అన్నది సంపుకీ డాబామీద ట్యాంకుకీ మాత్రమే తెలుసు. వాటినెవరూ అడగరు.

2010 ఫిబ్రవరి 28న కెనడా జట్టు ఒలింపిక్ ఐస్ హాకీ ఫైనల్ ఆడింది. టీవీలో ఆట సాగినంతసేపూ ఆ దేశంలోని ఎడ్మంటన్ ఊరి నీటి వాడకం కిందికి జారింది, విరామం రాగానే నిలువునా లేచింది. ఊరు ఊరంతా ఒక్కసారే బాత్రూముకు పరిగెత్తిందన్నమాట. రాత్రింబగళ్లు కొళాయిలో నీళ్లుండే చోట గ్రాఫు జనం పొట్టలో మాట చెబుతుంది. ఇక్కడ ఐపీఎల్ ఫైనల్ విరామంలో నగరమంతా కూడబలుక్కుని ఫ్లష్ నొక్కినా గీత ఉలకదు, పలకదు. మా గ్రాఫు చెప్పేది లైన్‌మన్ అలారం మాట.

2019 వేసవిలో చెన్నై చెరువులు అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైలు కట్టి నీళ్లు తెచ్చారు. 50 వ్యాగన్లు, ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. పైపుల లెక్క ఒక్కటే చూసే మోడలుకు ఆ వేసవి ఎలా కనిపిస్తుంది? చెన్నై జనం హఠాత్తుగా పొదుపు నేర్చుకున్నట్టు!

అసలు మర్మం ఇక్కడే ఉంది. ఇచ్చిన నీళ్లను వాడకమని రాసుకుంటారు. ఆ వాడకాన్ని అవసరమంటారు. ఆ అవసరాన్ని చూపించి మళ్లీ అన్నే ఇస్తారు. గానుగెద్దు కూడా ఇంత నిష్ఠగా తిరగదు. మార్చి దాటితే మా బోరు దగ్గడం మొదలెడుతుంది. అయిదు వేల లీటర్ల ప్రైవేటు ట్యాంకరు సందులోకి రివర్సులో వస్తుంది, గోడకు ఓ గీత గీసి, పైపు సంపులో దించి, డబ్బులు లెక్కపెట్టుకుని పోతుంది. ఆ నీళ్లు ఏ మీటరు దాటాయి గనక? మోడలు దృష్టిలో మేం ఎండాకాలం కూడా నిదానంగానే తాగుతున్నాం.

మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ మాన్యువల్ లెక్క. మహానగరమైతే 150. 2021 జనవరి నుంచి హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. అయిదుగురున్న కొంపలో తలకు 133. తగ్గిన ఆ పదిహేడు లీటర్లూ మా మీటరు తాగిన గాలిలో ఉన్నట్టున్నాయి.

మూసీ వరద 1908లో నగరాన్ని ముంచాక 1920లో గండిపేట జలాశయం కట్టారు, 1927లో హిమాయత్‌సాగర్. తర్వాత మంజీరా వచ్చింది, కృష్ణ వచ్చింది. ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి గోదావరి కూడా వచ్చింది. వచ్చి మా వీధి మలుపులో లైన్‌మన్ తాళం కోసం కాచుక్కూర్చుంది.

పోయిన నెల ఆయన మేనకోడలి పెళ్లికి వెళ్లాడు. నాలుగు రోజులు గీత నేలకు అతుక్కుపోయింది. ఇలాంటివాటిని లెక్కల్లో 'అవుట్‌లయర్' అంటారట, ముందే ఏరి పారేస్తారట. ఆ నాలుగు రోజులూ మేం స్నానాలు ఏరి పారేశాం.

శ్రావణంలో ఆయన సొంత కూతురి పెళ్లి. ముహూర్తం పెట్టించిన సంగతి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నిన్ననే వచ్చింది. మోడలుకు ఇంకా తెలీదు.